ఆపినవాటి లిస్టు

"టీవీకి వస్తోంది, నా ఫోన్‌కీ వస్తోంది. ఈ లాప్‌టాప్ ఒక్కటీ ఏం పాపం చేసిందమ్మా?" అన్నాడు నెట్ అతను.

"ఏమోనన్నా. మా ఆయన నాలుగు రోజులుగా దీంతో కుస్తీ పడుతున్నారు. రాత్రి కూడా గంటసేపు కూర్చున్నారు పాపం." చంకలో పిల్ల జుట్టు పీకుతుంటే విడిపించుకున్నాను. "పదకొండింటికి నర్సు ట్రైనింగు పరీక్ష. ఇందులోనే రాయాలి. ఇంక పది నిమిషాలే ఉంది."

అతను తన ఆఫీసు పాస్‌వర్డ్ కొట్టి వైఫై డబ్బా సెట్టింగులు తెరిచాడు. ఒక్కొక్కటే చూసుకుంటూ పోయి ఒకచోట ఆగాడు.

"ఏదీ పాడవలేదమ్మా. ఎవరో కావాలనే ఆపారు. ఆపినవాటి లిస్టులో మీ లాప్‌టాప్ ఒక్కటే ఉంది. మంగళవారం రాత్రి పెట్టారు."

మంగళవారం సాయంత్రమే హాల్‌టికెట్ వచ్చింది. చూపిస్తే ఆయన "భేష్" అన్నారు. పిల్లనెత్తుకుని "మీ అమ్మ నర్సమ్మ అవుతుందే" అని ఆడించారు. నెట్ రావట్లేదంటే, "నేనుండగా బయటివాణ్ణి పిలవడమెందుకు?" అన్నారు.

"ఈ డబ్బా పాస్‌వర్డ్ ఇంట్లో ఎవరికి తెలుసు?"

"ఆయనకొక్కరికే."

అతను నా మొహంకేసి చూడలేదు. "తీసెయ్యనా మరి?"

"తీస్తే ఆయనకి తెలుస్తుందా?"

"ఫోన్‌కి మెసేజ్ పోతుందమ్మా."

గోడ గడియారం చూశాను. ఆరు నిమిషాలుంది.

"తీసెయ్యండన్నా. వెళ్తూ వెళ్తూ పిల్లని పక్కింటి అక్కకి ఇచ్చి వెళ్ళండి. ఆయన పనిచేసేది వెనక వీధిలోనే. నేను తలుపు గడియ పెట్టుకోవాలి."