ఎండిన చంద్రకాంత

ఒక పెరట్లో ఉడుత, కోడిపెట్ట స్నేహంగా ఉండేవి. ఉడుత ఎక్కడి నుంచో మిరియంలాంటి చంద్రకాంత గింజ తెచ్చి గోడ పక్కన పాతింది. వానలకు అది మొలిచి, పొదలా ఎదిగి, సాయంత్రమయ్యేసరికి గులాబిరంగు పూలతో నిండిపోయేది. తాను నాటిన మొదటి మొక్క అదే కావడంతో ఉడుతకు దానిమీద ప్రాణం.

ఎండలు ముదిరాక ఆకులు రాలిపోయాయి. కాడలు ఎండి విరిగాయి. చివరికి నేల బోసిగా మిగిలింది. ఉడుత తిండి మానేసి అక్కడే కూర్చుంది.

"పోయినదాని కోసం ఎన్నాళ్లు ఏడుస్తావు చెల్లీ? ఈ మట్టి మెత్తగా ఉంది, కాసేపు పొర్లాడతాను" అంటూ కోడి కాళ్లతో గీరసాగింది. ఉడుత వద్దనలేదు.

కాస్త లోతుకు వెళ్లేసరికి కోడి గోరు దేన్నో చీల్చింది. నల్లటి తోలు కింద తెల్లటి దుంప తడితడిగా కనిపించింది. దాని తలమీద చిన్న మొలక ఉంది. కోడి ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయింది.

"అక్కా, ఇది బతికే ఉంది" అంది ఉడుత.

"బతికున్నదాన్ని చీరేశాను" అంది కోడి.

రెండూ కలిసి మట్టి కప్పేశాయి. తొలకరికి చిగుళ్లు వచ్చాయి గానీ, చీలిన వైపు ఒక్కటీ రాలేదు.

మరుసటి వేసవిలో మొక్క మళ్లీ ఎండిపోయింది. కోడిపిల్లలు అక్కడ గీరబోతే తల్లి రెక్కతో పక్కకు నెట్టింది.

"ఇక్కడ ఏమీ లేదు కదమ్మా?" అన్నాయి పిల్లలు.

"నేనూ అలాగే అనుకున్నాను" అని కోడి ఆ బోసినేలకు అడ్డంగా కూర్చుంది.