అరువు మోకాళ్లు

పెరంబూరు నుంచి వ్యాను కట్టించుకుని బెలుం గుహలకు వచ్చాం. టికెట్ల కిటికీ దగ్గరే మా అబ్బాయి ధనుంజయ మొదలుపెట్టాడు.

"అమ్మకు మోకాళ్లు సరిలేదు. మీరు పోయి రాండి. నేను ఈడనే తోడుంటా."

"పావం నాన్న! అవ్వ కోసం ఎప్పుడూ బయటే కూర్చుంటాడు" అంది మనవరాలు ఊహ.

"లిఫ్టు లేని మూడో అంతస్తులో కాపురం. నా మోకాళ్లకేం? పదండి" అన్నాను.

"అమ్మా, ప్లీజ్" అని వాడు నా చెవిలో గొణిగాడు.

నేనూ గొంతు తగ్గించాను. "యాభై ఏళ్లొచ్చాయిరా. ఇంక నీ చీకటి భయానికి నా మోకాళ్లు అరువివ్వను. నడు."

మెట్లు దిగగానే వాడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"చూడమ్మా, నాన్న అవ్వను ఎంత పదిలంగా నడిపిస్తున్నాడో!" వెనక ఊహ వాళ్లమ్మతో మురిసిపోతోంది.

నేను కాస్త కుంటడం మొదలుపెట్టాను.