జైపాల్ వాటా

ఇబ్రహీంపట్నం చెరువు కట్ట మీద హరీశ్ కారుకు ఒక చేపల గంప అడ్డొచ్చింది.

గట్టిగా హారన్ కొట్టాడు.

"చెవులు పగులుతున్నయ్! జర ఆగు, చేపలు పంచుతున్నరు," అంది గంప పక్కనున్న ఆడమనిషి.

"తప్పుకోమ్మా! నాకు మస్తు పనుంది."

"నాకు లేదా?"

అబ్బో, ఎంత పొగరు! అనుకుంటూ కారు దిగాడు.

మత్స్యకారుల సంఘం పెద్ద యాదయ్య కట్ట పక్కన చేపలు కుప్పలు పోస్తున్నాడు.

"అన్నా, జైపాల్ ఇల్లెక్కడ?"

"జైపాల్ పోయి ఏడాదాయె. ఏం పని?"

హరీశ్ మొహం వెలిగిపోయింది. సిగ్గయినా పడలేదు.

చేపల ధరలు చూపే 'గాలం' యాప్‌ను జైపాల్ మరికొందరితో కలిసి రాశాడు. ఆ కోడ్‌ను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఇప్పుడు దానికి తాళం వేసి అమ్ముకోవాలని హరీశ్ కంపెనీ ఆశ. ఎవరు రాసిన భాగం వాళ్ళ సొంతం కాబట్టి, లైసెన్స్ మార్చాలంటే అందరూ ఒప్పుకోవాలి. జైపాల్ తప్ప అందరూ సంతకాలు పెట్టేశారు.

"ఇంక అడిగేటోడే లేడు. మన పని అయినట్టే," అన్నాడు కంపెనీకి ఫోన్ చేసి.

ఆ ఆడమనిషి దగ్గరికొచ్చింది.

"అందరి కోసం రాసిందాన్ని మూసేస్తవా? దళారులు రేటు తగ్గిస్తే గా యాప్ చూపిచ్చే కొట్లాడుతున్నం!"

"నీ పేరేంది?"

"ఉజ్మా."

"చూడు ఉజ్మా, నువ్వు చేపలమ్ముకో. జైపాల్ సంగతి నీకెందుకు?"

ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి. "నేనుండంగ మూయనియ్య. ఏం చేస్కుంటవో చేస్కో!" అని కట్ట మీదున్న గంప దగ్గరికి పోయింది.

హరీశ్ పగలబడి నవ్వాడు. ఆ నవ్వుకు యాదయ్యకు ఒళ్ళు మండింది. ఒక కుప్పను పక్కకు జరిపాడు.

"ఇదెవరిదన్నా?"

"జైపాల్‌ది."

"సచ్చినోనికి వాటా ఏంది?"

"మనిషి పోతే వాటా పోతదా? పెండ్లానికి ముడుతది. మా దగ్గర గంతే."

ఇంతలో ఫోన్ మోగింది. కంపెనీ లాయర్ ఉమారాణి.

"హరీశ్, తొందరపడకు. మనిషి చనిపోయినా కోడ్ మీద హక్కు పోదు. 'గాలం'లో సగానికి పైగా జైపాల్ రాసిందే. ఆయన భార్య ఒప్పుకోకపోతే లైసెన్స్ మార్చలేం. ముందు ఆమెను మంచి చేసుకో."

హరీశ్ గొంతు మెత్తబడింది.

"అన్నా, జైపాల్ భార్య ఎక్కడుంటది?"

యాదయ్య కట్ట వైపు తిరిగి, "జైపాల్ వాటా!" అని కేకేశాడు.

ఉజ్మా గంప పట్టుకుని దిగివచ్చి, హరీశ్ కళ్ళ ముందే ఆ కుప్పను ఎత్తి తన గంపలో పోసుకుంది.