తెర మీద ఏం రాసుంది?

"డయానా గారూ, తెర మీద ఏం రాసుందో ఎవరిచేతైనా చదివించండి. అది తెలియందే నేనేం చెయ్యలేనండీ," అన్నాడు విజయవాడ నుంచి ఫోన్లో యేసుకుమార్. డయానాకు కంప్యూటర్ నేర్పిందీ, ఉద్యోగం కోసం కంపెనీతో మాట్లాడిందీ అతనే.

చల్లపల్లిలో డయానా బటన్ల ఫోను చెవికి అదుముకుంది. చూపులేని ఆమెకు తెర మీది అక్షరాలన్నీ కంప్యూటరే చదివి వినిపించేది. నిన్న కంప్యూటర్‌ని నడిపే లినక్స్‌ని అప్‌గ్రేడ్ చేశాక అది మూగబోయింది. చదివే ప్రోగ్రాం మళ్లీ వేసుకుందామంటే, ప్రోగ్రాంలు దించుకునే సాఫ్ట్‌వేర్ సెంటర్ ఉలకదు, పలకదు. ఇంకో అరగంటలో ఉద్యోగానికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ.

"అత్తయ్యా, అంతా తెలుగులోనే ఉంటుంది. కాస్త చదవండి," అంది ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి.

పక్కనే నిలబడ్డ శౌరమ్మ కొంగుతో తెర తుడిచింది.

"టైమైపోతోంది అత్తయ్యా."

"నాకు చదువు రాదమ్మాయ్."

"రోజూ నాకు బైబిలు చదువుతున్నారుగా?"

"గుడిలో విని విని నోటికొచ్చిన వాక్యాలే. మా పిల్లకి చదివిపెట్టే మనిషి ఉండాలని మీ నాన్న పెళ్లికి ముందే అడిగాడు. నేనున్నానన్నాను. రాదంటే నిన్ను మా ఇంటికి ఇవ్వరనుకున్నా."

మూడేళ్లుగా సాయంత్రాలు వాక్యం మధ్యలో వినబడే పేజీల చప్పుడు డయానాకు గుర్తొచ్చింది. తను వింటుందనే ఆ పేజీలు తిప్పిందన్నమాట.

"చదివారా అండీ?" అన్నాడు యేసుకుమార్.

"అత్తయ్య కళ్లజోడు కనపడట్లేదండీ," అంది డయానా. "ఇవాళ ఇంటర్వ్యూకి రాలేనని వాళ్లకి మీరే చెప్పండి."

ఫోను పెట్టేసి, తడుముతూ అత్తగారి చెయ్యి పట్టుకుంది.