దుప్పటి కప్పిన వెదురు

"నా పెరట్లో వెదురు నిన్న పూసింది. నీదీ నిన్నే పూసింది. ఇప్పుడేమంటావు హర్కజిత్?" అంది పక్కింటి మన్‌రాణి.

"ఇద్దరికీ గాలి ఒకటే కదా వదినా."

"ఒకే మొదలు నుంచి చీల్చిన పిలకలు ఏ పెరట్లో ఉన్నా ఒక్కసారే పూసి, ఒక్కసారే చస్తాయి. ముప్పయ్యేళ్ళ కిందట నా పెరట్లో పిలక తవ్వుకెళ్ళింది నువ్వే."

అప్పుడామె ఈ మాటే అంటే ఊరి పెద్ద రణధోజ్ నమ్మలేదు. నింద వేసినందుకు అందరి ముందూ ఆమెచేత హర్కజిత్ కాళ్ళు పట్టించాడు. ఇవాళ అతనిచేత తన కాళ్ళు పట్టించుకోవాలని ఆమె అతన్ని రణధోజ్ ఇంటికి లాక్కొచ్చింది.

రణధోజ్ పెరట్లో ఒక వెదురు పొదకు ఉన్ని దుప్పట్లు కప్పుతున్నాడు.

"చలి ముదిరింది," అన్నాడు వాళ్ళని చూసి.

"నడుంలోతు మంచులో నిలబడే వెదురుకా?" మన్‌రాణి దుప్పటి లాగేసింది. పొద నిండా పూత.

"తీర్పు చెప్పినవాడే దొంగా?" అన్నాడు హర్కజిత్, తన సంగతి మర్చిపోయి.

"నేను తవ్వుకొచ్చింది నీ పెరట్లోంచి. ఆ వెదురు నీదేనని అప్పుడే తేల్చాను కదా," అన్నాడు రణధోజ్ నీరసంగా. "ఇప్పుడు నేనెవరి కాళ్ళు పట్టుకోవాలి?"

హర్కజిత్ నెమ్మదిగా బూట్లు విప్పి, తన పాదాలు మన్‌రాణి పాదాల పక్కన పెట్టాడు.

"మీ కాళ్ళు నేను రేపు పట్టుకుంటాను వదినా. ఇవాళ్టికి మనిద్దరం ఒక పక్షం."