బదులిచ్చిన పిల్లలు

"ఎవరి పిల్లల్ని వాళ్ళు పంపించుకోండి. మా అమ్మాయిని మాత్రం ఆ వ్యాను ఎక్కించను" అంది నర్సు, చేతిసంచి భుజం మీదికి తోసుకుంటూ.

వెచ్చాల కొట్టు ముందు నిలబడ్డ మిగతా తల్లిదండ్రులు కూడా ఒక అడుగు వెనక్కి వేశారు. బేరంలో మొదటి మనిషి తగ్గితే గుంపంతా తగ్గుతుంది. ఆ సంగతి కొట్టు నడుపుతూ కాటా వెనక నిలబడ్డ, ఆ వ్యాను డ్రైవరు భార్యకి తెలిసినంతగా అక్కడ ఇంకెవరికీ తెలియదు.

డ్రైవరేమో కొట్టు లోపల, బస్తాల పక్కన కుర్చీలో ఉన్నాడు. జబ్బు చేసిన నాటి నుంచీ అదే అతని చోటు. వ్యాను కడుగుతూ కడుగుతూ బకెట్టు పక్కనే ఒరిగిపోయాడు. మెదడులో రక్తనాళం పూడుకుపోయిందన్నారు ఆస్పత్రిలో. కొన్నాళ్ళు ఎడమ చెయ్యీ ఎడమ కాలూ అతని మాట వినలేదు. ఇప్పుడిప్పుడే వింటున్నాయి.

స్కూలు వ్యాన్ల వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. ఒకడు మంచం పడితే వాడు తిప్పే పిల్లల్ని ఇంకొకడు ఎక్కించుకుంటాడు, పొరుగింటి నుంచి గిన్నె బదులు తెచ్చుకున్నట్టు. వాడు లేచిన రోజున మారుమాట లేకుండా అప్పజెప్పేస్తాడు. కాకపోతే బదులు తెచ్చుకున్న గిన్నె మరీ ఎక్కువకాలం ఉండిపోతే ఎవరిదో ఇద్దరూ మరిచిపోతారు. ఇప్పుడా పిల్లలంతా పొట్టి డ్రైవరు వ్యానులో ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చుని బడికి వెళ్తున్నారు. డ్రైవరు సొంత పిల్లలిద్దరూ వాళ్ళలోనే ఉన్నారు.

"నాదేముందక్కా, బావ లేచాడంటే రేపే ఇచ్చేస్తా" అన్నాడు పొట్టి డ్రైవరు. "కన్నవాళ్ళు ఒప్పుకోవాలి కదా. పిల్లలేమైనా ఉల్లిపాయ బస్తాలా, ఈ బండిలోంచి ఆ బండిలోకి దొర్లించడానికి?"

"డాక్టరు నడపొచ్చన్నాడు" అంది డ్రైవరు భార్య.

"అంటాడు. ఆ వ్యానులో ఎక్కేది ఆయన పిల్లలు కాదుగా" అంది నర్సు. "ఇలాంటివాళ్ళని రోజూ చూస్తాను నేను. బాగానే ఉంటారు. ఉన్నట్టుండి ఒకరోజు ఉండరు."

లోపల కుర్చీ కిర్రుమంది. అందరూ విన్నారు. ఎవరూ అటు చూడలేదు.

గాలి మరీ బరువెక్కిందనుకున్నాడేమో, దర్జీ నోరు విప్పాడు. "అసలాయన ఒంట్లో బాగున్నప్పుడే ఆ వ్యాను ఎంత నెమ్మదో తెలియదా? మావాడు దిగి నడిచుంటే ఇంకా ముందు చేరేవాడు!"

నలుగురూ నవ్వారు. డ్రైవరు భార్య ఆ నవ్వుని నేల మీద పడనివ్వలేదు.

"నవ్వండి. ఆ నిదానం వల్లే కదా ఇన్నేళ్ళలో ఒక్క బిడ్డకీ మోచెయ్యి గీరుకోలేదు? ఇప్పుడేమో మీవాళ్ళు తలుపుకి ఆనుకుని వేలాడుతూ పోతున్నారు. ఏం తమ్ముడూ, అబద్ధమా?"

పొట్టి డ్రైవరు తల గోక్కున్నాడు. "తలుపు పడదక్కా. పిల్లలెక్కువ."

"విన్నారుగా? తలుపు పడని బండిలో పంపుతారు గానీ, మా ఆయన చేతిలో పెట్టరు!"

దర్జీ మెత్తబడ్డాడు. అతని పక్కన ఉన్నవాళ్ళూ మెత్తబడ్డారు. నర్సు మాత్రం కాటా దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఇవన్నీ వదిలెయ్. తినేటప్పుడూ నడిచేటప్పుడూ పక్కనుండి చూసేది నువ్వు. ఆయన చెయ్యి బాగుందా, లేదా?"

సరుకు మీద అనుమానం వస్తే తెలివైనవాళ్ళు సరుకుని చూడరు, అమ్మేవాళ్ళ కళ్ళలోకి చూస్తారు. నర్సు చాలాసేపు చూసింది.

"నా చేతికంటే బాగుంది" అంది డ్రైవరు భార్య, రెప్ప వెయ్యకుండా.

"సరే. ఆయన్నీ కాదు, డాక్టర్నీ కాదు, నీ మాట నమ్మి పంపుతున్నా."

జనం వెళ్ళిపోయాక డ్రైవరు గోడ పట్టుకుని బయటికి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నువ్వంత గట్టిగా నిలబడకపోతే ఎవరూ ఒప్పుకునేవాళ్ళు కాదే."

"నిలబడక? ఇంకొన్నాళ్ళు ఇలాగే కూర్చుంటే బండికీ నీకూ కలిపి తుప్పు పడుతుంది. ఆ తర్వాత తూకానికి తప్ప దేనికీ పనికిరారు. పో, బండి తుడుచుకో పో."

అతను నవ్వాడు. ఆ ఇంట్లో నవ్వు వినిపించి చాలా రోజులైంది.

తెల్లవారి గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాడు. "ముందు నర్సమ్మగారి పాప, తర్వాత మిగతావాళ్ళు. మనిల్లు చివర కదా, మనవాళ్ళని తయారుచేసి ఉంచు" అని గడప దగ్గర ఒకటికి రెండుసార్లు చెప్పాడు. వ్యాను వీధి దాటేదాకా భార్య చెయ్యి ఊపుతూనే ఉంది.

తర్వాత లోపలికి పరుగెత్తింది. కూతురికి సగం జడే అల్లింది. కొడుకు బూట్ల లేసులు ముడి వెయ్యకుండానే సంచులు వీపులకి తగిలించింది. ఇద్దరి చేతులూ పట్టుకుని వీధి చివరికి వచ్చి నిలబడింది. మలుపులో హారన్ మోగింది. చెయ్యెత్తింది. వ్యాను ఆగగానే తలుపు తీసి ఇద్దర్నీ లోపలికి నెట్టి, చప్పుడు కాకుండా మూసింది.

"పోనియ్యి తమ్ముడూ" అంది పొట్టి డ్రైవరుతో, వెనక్కి వెనక్కి చూస్తూ. "మీ బావ వచ్చేలోపు వీధి దాటెయ్యి."