అద్దం ముందు ప్రసంగం

గుమ్మం దాటి లోపలికి అడుగు పెట్టగానే వీరాసామికి తెలిసిపోయింది, తను కంఠతా పట్టుకొచ్చిన ప్రసంగం ఇక్కడ చెల్లదని.

పాస్టర్ చెప్పింది గృహప్రవేశం కూటమని. రెడ్డియార్‌పాళయంలో ఎవరో విశ్వాసులు ఇల్లు అమర్చుకున్నారు, సాయంత్రం కృతజ్ఞతా ప్రార్థన, వాక్యం నువ్వే చెప్పాలి అన్నాడు. పూలదండలూ లడ్లూ నవ్వుముఖాలూ ఉంటాయనుకుని వచ్చాడు వీరాసామి. వాకిట్లో చెప్పుల వరస చూసి లోపలికొచ్చాడు, తీరా చూస్తే గోడల సున్నం రాలుతోంది. పాత ఇల్లే కొన్నారు కాబోలు అనుకున్నాడు. అది సరే, ఈ ముఖాలేమిటి? చాపల మీద పదిమంది దాకా కిక్కురుమనకుండా కూర్చున్నారు. కొండలాంటి మనిషి ఒకడు కుర్చీని గోడవైపు తిప్పుకుని అందరికీ వీపు చూపిస్తున్నాడు.

"వచ్చినారా అయ్యా! రాండి, కూసోండి," అంటూ, అతని చేతిలో బైబిలు చూసి ఒక ముసలావిడ ఎదురొచ్చి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "నా పేరు రంగమ్మాళ్. వాడు నా కొడుకు కదిరవన్. రేపు పొద్దున వాడికి గుండె ఆపరేషనయ్యా. పోనంటే పోనంటుండాడు. మేమంతా చెప్పి చెప్పి అలిసిపోయినాము. మీరు నాలుగు మాటలు చెప్పండి, వింటాడేమో."

వీరాసామి చాప మీద కూలబడ్డాడు. తన ప్రసంగం పేరు 'ముందుచూపు ఉన్నవాడి ఇల్లు'. పునాది తీసిన దగ్గర్నుంచి కప్పు పోసేదాకా మనిషి ఎలా లెక్కగా నడుచుకోవాలో, అలాంటివాణ్ణి దేవుడు ఎలా దీవిస్తాడో అందులో ఉంది. వారం రోజులు అద్దం ముందు నిలబడి సాధన చేశాడు. చెయ్యి ఎక్కడ ఎత్తాలో, గొంతు ఎక్కడ తగ్గించాలో, జనాన్ని ఎక్కడ నవ్వించాలో అన్నీ కుదిరాయి. బయల్దేరుతుంటే భార్య తిలగం, "ఒక్క నిమిషం ప్రార్థన చేసుకోని పో" అంది. "అంతా నోటికొచ్చేసింది. ఇంక దేవుణ్ణి కష్టపెట్టేది ఏంటికి?" అని స్కూటర్ తీశాడు.

'ఆపరేషన్ సంగతి పాస్టర్ ఒక్క ముక్క చెప్పకూడదా!' అని లోపల విసుక్కుంటూనే బైబిలు పట్టుకుని లేచాడు.

"ప్రియమైనవారలారా, ఇల్లు కట్టే ముందు మనిషి..."

అందరూ తలెత్తి చూశారు. రంగమ్మాళ్ రెండు చేతులూ జోడించి, అతని నోట్లోంచి ఏ మాట వస్తుందా అని కాచుకుని ఉంది. వీరాసామి ఆగిపోయాడు. తర్వాతి వాక్యం రాలేదు. నవ్వించే చోటు ఒకటుందని గుర్తుంది గానీ, ఏం చెప్పి నవ్వించాలో గుర్తులేదు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. మోకాళ్ళు మొదట కుడిది, తర్వాత ఎడమది, ఆ తర్వాత రెండూ కలిసి వణకసాగాయి.

'ప్రభువా, నా దగ్గర ఏమీ లేదు. నువ్వే చూసుకో,' అనుకున్నాడు కళ్ళు మూసుకుని.

కుర్చీ కిర్రుమంది. కదిరవన్ ఇటు తిరిగాడు.

"ఏందయ్యా, అట్ట వణకతుండావు?"

"భయం నాయనా," అనేశాడు వీరాసామి. "శానా బాగా నేర్చుకోని వచ్చినా. అంతా పోయింది. ఇప్పుడు నా చేతిలో ఏమీ లేదు."

కదిరవన్ కుర్చీ అతని దగ్గరికి జరుపుకున్నాడు. "నా బాధా అదే. మార్కెట్టులో ఇద్దరు మోసే మూట నేనొకణ్ణే మోస్తా. ఒక చెయ్యి వెయ్యమని ఎవర్నీ అడిగినోణ్ణి కాదు. రేపు మత్తుసూది వేసి పడుకోబెడతారంట. అప్పుడు నా చేతిలో ఏముంటాది?"

"ఏమీ ఉండదు."

చాప మీద ఎవరో ఉలిక్కిపడ్డారు. ఆసుపత్రికి పోవాల్సినవాడితో అనే మాటేనా అది!

"ఏమీ ఉండదు నాయనా," మళ్ళీ అన్నాడు వీరాసామి. ఏం చెబుతున్నాడో అతనికే తెలియడం లేదు, మాట మాత్రం వస్తోంది. "మన చేతిలో ఏమీ లేనప్పుడు, మనం ఆయన చేతిలో ఉంటాము. నన్ను చూడు. నా బలాన్ని నమ్ముకోని ఉంటే ఈపాటికి కింద పడుండాల. పడలేదు గదా?"

కదిరవన్ అతని మోకాళ్ళవైపు చూశాడు. అవి ఇంకా వణుకుతూనే ఉన్నాయి. చూస్తూ చూస్తూ కదిరవన్ పెదవులు కదిలాయి, తర్వాత పొట్ట కదిలింది, ఆఖరికి కుర్చీ ఊగేలా పెద్దగా నవ్వేశాడు.

"నోరు తెరిచేదానికే ఇంత భయపడే ఆయన్ని నిలబెట్టినోడు, పడుకోనుండే నన్ను చూసుకోడా? అమ్మా, సంచి సర్దు. రేపు పోతాము!"

ఇల్లంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. రంగమ్మాళ్ ఏడుస్తూనే నవ్వింది. ఎవరో పాట ఎత్తుకున్నారు, తక్కినవాళ్ళు చప్పట్లు కొట్టారు. వీరాసామి కదిరవన్ భుజం మీద చెయ్యి వేసి ప్రార్థన చేశాడు. ఎంత వెతుక్కున్నా పెద్ద మాటలు దొరకలేదు. చిన్న మాటలతోనే ముగించాడు.

టీ తాగుతుంటే ఫోను మోగింది. పాస్టర్.

"వీరాసామన్నా, యాడుండావు? ఇంటోళ్ళంతా నీకోసరం కాచుకోనుండారు. కొత్తిల్లు, వాకిట్లో పందిరి, సీరియల్ లైట్లు. ఇంత వెలుగులో ఎట్ట దోవ తప్పినావన్నా?"

వీరాసామి టీ గ్లాసు కింద పెట్టాడు. ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, మెల్లగా రంగమ్మాళ్ వైపు తిరిగాడు.

"అమ్మా... ఈ పొద్దు వాక్యం చెప్పేదానికి మీరు ఎవర్ని పిలిచినారు?"

"మేము ఎవర్నీ పిలవలేదయ్యా," అంది రంగమ్మాళ్, అతని గ్లాసులో ఇంకాస్త టీ పోస్తూ. "ఎవర్నన్నా ఒకర్ని పంపించు తండ్రీ అని పొద్దున్నించి అడగతా ఉంటిమి, అంతే."